లైసెన్సు పోయిన అధికారము పోవునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ వేదికపై మోటారు లైసెన్సును గూర్చిన ప్రసంగమేమని కొందరు మొగము చిట్లింపవచ్చును. భారత భాగవతములు వినవచ్చినవారికి రవాణా శాఖవారి నిబంధనలు వినిపించుట విందునకు బిలిచి కషాయము పోసినట్లుండును. అయినను కషాయమునకును ఒక వేళ యున్నది. 1914వ సంవత్సరము ఆంధ్రుల గ్రంథాలయోద్యమ చరిత్రలో మరువరానిది. ఆ యేటనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. భారతదేశమునకు మోటారు వాహనముల చట్టము వచ్చినదియు ఆ యేటనే. ఆ రెండింటికిని సంబంధమేమియు లేదు. కాని నాటినుండి నేటివరకు పుస్తకమును మోటారు బండియు ఒకదాని వెనుక నొకటి గ్రామములలో ప్రవేశించినవి. పుస్తకమునకు చందాదారు చీటి యెట్టిదో బండికి లైసెన్సు అట్టిది. నేడు ట్రాక్టరు లేని వీధి లేదు. ఆటో నడిపి సంసారము లీదువారును, లారీ యెక్కి నెలకొకసారి యింటి మొగము చూచువారును ప్రతి గ్రామమునను గలరు. వారి చొక్కా జేబులోని ఆ చిన్న బిళ్ల పోయిన నాడు వారి యింట పొయ్యి వెలుగుట యనుమానమగును. కావున ఇది పొట్టకూటి విషయము. దీనిని గూర్చి సభలో మాటలాడుట తక్కువతనము గాదు.

ఊరూర జరుగు కథ యొకటి యున్నది. జాతరకు బోయిన యువకుడు తిరిగివచ్చి జేబు తడుముకొనును. సంచి లేదు. అందులో నాలుగు నోట్లు, బ్యాంకు కార్డు, లైసెన్సు. నోట్ల కొకపూట విచారించి యూరకుండును. లైసెన్సు మాట వచ్చుసరికి రచ్చబండపై సలహాదారులు నలుగురు పుట్టుదురు. "లైసెన్సు పోయెను గనుక ఇక బండి ముట్టరాదు" అని యొకడు. "ఊరిలో నడుపుటకు లైసెన్సెందుకు, అడుగువా డెవడు" అని మరియొకడు. "ఇంకొకరి దానిని తీసికొని పొమ్మ"ని మూడవవాడు. నాలుగవవాడు అందరికంటె తెలివిగలవాడు. వానికి పట్నములో నొక దళారి తెలియును. "పాతదాని గొడవ మానివేయుము, క్రొత్తది తీయించెదను" అనును. ఈ నాలుగు సలహాలలో ఒక్కటియు సరియైనది కాదు. మొదటివానిది అజ్ఞానము, రెండవవానిది మొండితనము, మూడవవానిది మోసము; నాలుగవవానిది ఈ మూడును గలిసినది.

ముందు లైసెన్సనగా నేమో తెలిసికొనవలెను. ఆ మాటకు అనుమతి యని యర్థము. అనుమతి యనునది కాగితము గాదు, కార్డును గాదు. పరీక్ష చూచి, ఇతడు ఫలానా తరగతి బండిని నడుపుటకు దగినవాడని అధికారి యిచ్చిన మాట. ఆ మాట కార్యాలయపు దస్త్రములో వ్రాయబడియున్నది. జేబులోని కార్డు ఆ వ్రాతకు సాక్ష్యము మాత్రమే. పట్టా కాగితము చెదలు తిన్నంత మాత్రమున రైతు భూమి పోగొట్టుకొనినవాడగునా? పహాణీలో, అడంగలులో పేరున్నంతవరకు అతడు భూస్వామియే. అట్లే లైసెన్సు కార్డు పోయినవాడు లైసెన్సు లేనివాడు కాడు.

ఇది ఊరట కొరకు చెప్పు మాట గాదు. చట్టమే ఈ భేదమును పాటించినది. 1989 జూలై 1నుండి అమలులోనున్న 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 3వ సెక్షను లైసెన్సును "కలిగియుండుట"ను గూర్చినది. 130వ సెక్షను యూనిఫారములోనున్న పోలీసు అధికారి యడిగినప్పుడు దానిని "చూపుట"ను గూర్చినది. రెండు వేరు వేరు విధులు, రెండు వేరు వేరు శిక్షలు. లైసెన్సే లేక బండి నడిపినవానికి 2019 సవరణ ననుసరించి ₹5,000 జరిమానాయో, మూడు నెలలవరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును. అట్టివానికి బండి యిచ్చిన యజమానికిని అట్టి శిక్షయే గలదు. లైసెన్సుండియు వెంట లేనివాని తప్పు ఇంత పెద్దది గాదు. చట్టమునందు సాధారణ తప్పిదములకు జెప్పిన జరిమానా తొలిసారి ₹500 వరకు మాత్రమే. అంతేగాక కేంద్ర నిబంధనలలో 139వది, వెంటలేని పత్రముల వివరమును 15 దినములలో అడిగిన అధికారికి పంపుటకును వీలు కల్పించినది. ఈ రెండింటిని ఒకటిగా జూచి భయపడువారును, ఒకటిగా జూపి భయపెట్టువారును ఉన్నారు.

ఈ సాక్ష్యమునకును సత్యమునకును గల భేదమును మన కవులు ఎప్పుడో గుర్తించిరి. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలమున దుష్యంతుడు తన పేరు చెక్కిన ఉంగరమును శకుంతలకిచ్చిపోయెను. దుర్వాసుని శాపముచేత రాజు ఆమెను మరచెను. ఆనవాలు చూచిననాడు శాపము తొలగునని యొక సడలింపు. ఆమె అత్తవారింటికి బోవుచు శక్రావతారమున శచీతీర్థమునకు మ్రొక్కుచుండగా ఉంగరము జారి నీటిలో పడినది. రాజసభలో వ్రేలు చూచుకొనునప్పటికి ఉంగరము లేదు. ఇక చూడుడు ఆమె యవస్థ! వివాహము జరుగలేదా? జరిగినది. గర్భమున శిశువు లేడా? ఉన్నాడు. వెంట వచ్చిన ఋషికుమారులు అబద్ధికులా? కారు. అయినను సభలో ఒక్క మాటయు నిలువలేదు. చూపవలసిన వస్తువు లేకపోవుటచేత నిజమంతయు గాలిబోయినది. కార్యాలయపు కిటికీ ముందు నిలిచి "అయ్యా, ఇరువది యేండ్లుగా లారీ నడుపుచున్నాను" అని మొరపెట్టుకొను డ్రైవరు మొగములో ఆ శకుంతల మొగమే కనబడును.

అయితే ఇందొక విశేషమున్నది. ఈ ఉంగరము కాళిదాసు కల్పించినది. వ్యాస భారతమున లేదు, నన్నయగారి ఆదిపర్వమునను లేదు. అక్కడ శకుంతల కుమారునితో సభకు వచ్చును. రాజునకు అన్నియు జ్ఞాపకమున్నవి. ఉండియు ఎరుగనట్లే పలుకును. అంత ఆకాశవాణి "వీడు నీ కుమారుడు, ఈమె నీ ధర్మపత్ని" అని సభ యంతయు వినునట్లు పలుకగా, రాజు సంతోషముతో స్వీకరించును. తానెరిగినంత మాత్రమున చాలదు, లోకమునకు నమ్మకము గలిగించు ప్రమాణము వలెనని యాతని యభిప్రాయము. ఇందులో దుష్యంతుని మెచ్చుకొనువారు మెచ్చుకొనవచ్చును. ఆ యాడుబిడ్డ పడిన బాధను తలచినచో మెచ్చుటకు మనసొప్పదు. కాని పరిపాలన యనునది ఆ పద్ధతినే నడచుచున్నది. ఠాణాలోని జవాను ఒకే యూరివాడైనను, డ్రైవరును చిన్ననాటినుండి యెరిగినవాడైనను, అతని యెరుక దస్త్రమునకు పనికిరాదు.

అనగా ప్రమాణము రెండు తెరగులు. ఒకటి వ్రేలియుంగరము, రెండవది ఆకాశవాణి. చిరకాలము మోటారు చట్టము ఉంగరమునే నమ్మినది. కార్డు చూపినవాడు దొర, చూపలేనివాడు దొంగ. 2015లో కేంద్ర ప్రభుత్వము డిజిలాకరను ఎలక్ట్రానిక్ భాండాగారమును తెరచినది. 2016లో తెలంగాణ రవాణా శాఖవారు ఎమ్-వాలెట్టు అను ఫోను సాధనమును తెచ్చిరి. తుదకు 2018 నవంబరులో పై జెప్పిన 139వ నిబంధనను సవరించి, పత్రములను కాగితరూపమున గాని ఎలక్ట్రానిక్ రూపమున గాని చూపవచ్చునని శాసించిరి. నాటినుండి చట్టము ఆకాశవాణిని గూడ సాక్షిగా నంగీకరించినదన్నమాట. కార్డు పోయినవాడు డిజిలాకరులోని తన లైసెన్సును ఫోనుపై చూపినచో, అది కార్డును చూపినదానితో సమానము. కావున క్రొత్త కార్డు చేతికందు లోపల బండి నిలుపవలసిన పని లేదు.

ఇక్కడ నొక హెచ్చరిక. ఫోనుతో తీసిన కార్డు ఫొటో వేరు, డిజిలాకరు పత్రము వేరు. ఫొటో నీడవంటిది, నీడకు ప్రమాణత్వము లేదు. డిజిలాకరులోనిది శాఖవారి దస్త్రమునుండి నేరుగా వచ్చునది. కాని ఆ దస్త్రమున పేరు ఎక్కియుండవలెను, ఆధారులోని పేరునకును దానికిని పొంతన యుండవలెను. ఒకచోట ఇంటిపేరు ముందు, మరియొకచోట వెనుక, వేరొకచోట పొడి అక్షరము మాత్రమే వ్రాసికొను మన తెలుగువారి యలవాటు వలన ఇక్కడ చిక్కు కలుగుచుండును. అన్ని పత్రములందును పేరు ఒక్క తీరున నుండునట్లు చూచుకొనుట పోగొట్టుకొనుటకు ముందు చేయవలసిన పని.

పోవుటయు దొంగిలింపబడుటయు ఒకటి గాదు. ఏటిలో జారిన ఉంగరము చేప కడుపులో నిద్రించినది. ఎవరికిని కీడు చేయలేదు. పరుల చేత బడిన ఉంగరము మాట వేరు. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకము నెరిగినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. రాక్షసమంత్రి తన కుటుంబమును చందనదాసను మణికారుని యింట దాచి పాటలీపుత్రమును విడిచిపోయెను. గడప దాటి వచ్చిన పిల్లవానిని లోనికి లాగుకొను తొందరలో ఆతని భార్య వ్రేలియుంగరము జారినది. అది చాణక్యుని చారునకు దొరకినది. చాణక్యు డేమి చేసెను? రాక్షసుని మిత్రుడైన శకటదాసుచేతనే ఉపాయముగా జాబు వ్రాయించి, దానిపై ఆ ముద్ర వేయించెను. ఆ జాబు మలయకేతుని మనస్సు విరిచి, రాక్షసుని బలమునంతయు కూల్చినది. రాక్షసుడు ఒక్క యక్షరమైన వ్రాసినవాడు కాడు; అయినను ముద్ర ఆతనిదే గదా!

నేటి లైసెన్సుపై ఫొటో, పుట్టిన తేది, చిరునామా, సంతకము అన్నియు నున్నవి. దానిని జూపి ఒకడు సిమ్ము తీసికొనవచ్చును, మరియొకడు వసతి గదిలో దిగవచ్చును, ఇంకొకడు బండి అద్దెకు దీసి పారిపోవచ్చును. ఆరునెలల పిదప పోలీసులు వచ్చి తలుపు తట్టినప్పుడు "నా లైసెన్సు ఆనాడే పోయినది" అన్న మాటకు విలువ రావలెనన్న, పోయిన నాడే ఆ మాట ఎక్కడనో వ్రాయబడియుండవలెను. ఠాణాలో ఫిర్యాదు చేయుట నకలు కొరకు మాత్రమే యని తలచువారు సగము సంగతినే తెలిసినవారు. ఫలానా దినమునుండి ఈ ముద్ర నా చేతిలో లేదని లోకమునకు చాటుటయే దాని ముఖ్య ప్రయోజనము. రాక్షసుడు తన ఉంగరము పోయినదని ముందుగనే మలయకేతునకు తెలిపియున్నచో నాటకము వేరు విధముగ ముగిసెడిది. 

కావున ఫిర్యాదున ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. జారిపోయినచో జారిపోయినదనియు, జేబు కత్తిరించినచో దొంగతన మనియు చెప్పవలెను. దొంగతనమైనచో ప్రథమ సమాచార నివేదిక నమోదు కావలెను. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఏ ఠాణా హద్దులో జరిగినను సమాచార మీయవచ్చును, నకలు ఉచితముగ పొందవచ్చును. ఎలక్ట్రానిక్ మార్గమున సమాచార మిచ్చినవాడు మూడు దినములలో సంతకము చేయవలెను. వట్టిగ పోయినదానికి ఇంత తతంగము లేదు. తెలియజేసి రశీదు పుచ్చుకొనిన చాలును. కొందరు తొందరగ పనియగునని దొంగతనమును పోయినదని వ్రాయింతురు. ఇది మంచి పద్ధతి గాదు. అంతకంటె చెడ్డది మరొకటున్నది. పోలీసులు స్వాధీనము చేసికొనిన లైసెన్సును పోయినదని చెప్పి నకలు కోరుట. అది పట్టుబడక మానదు. నిజమునకు ఆ యవసరమే లేదు. 206వ సెక్షను క్రింద లైసెన్సు తీసికొనిన అధికారి రశీదీయవలెను. లైసెన్సు తిరిగి చేతికి వచ్చువరకు గాని, రశీదులో వ్రాసిన గడువువరకు గాని ఆ రశీదుతోనే బండి నడుపవచ్చును.

నకలు అను మాట వద్ద కొంచెమాగవలెను. గ్రామములలో నకలు, డూప్లికేటు అనగనే నకిలీ యని జడియువారున్నారు. "డూప్లికేటు లైసెన్సు పెట్టుకొని తిరుగుచున్నాడు" అన్నచో వాడేదో మోసగాడని యర్థము చేసికొందురు. నకలు వేరు, నకిలీ వేరు. ఒకే మూలమునుండి వచ్చిన మాటలైనను ఒకటి ధర్మమార్గమునను, ఒకటి అధర్మమార్గమునను పోయినవి. శాఖవారే అదే సంఖ్యతో, అవే తరగతులతో, అదే గడువుతో మరల నిచ్చునది నకలు. దానికి అసలునకు గల విలువ యంతయు గలదు.

దానిని పొందు విధ మిది. నకలు లైసెన్సుల విషయమున నిబంధనలు చేయు నధికారమును 28వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వములకు విడిచినది గనుక రుసుములును, కొన్ని వివరములును రాష్ట్రమునుబట్టి మారును. పోయినదను తెలివిడియు, నకలు కోరు దరఖాస్తును ఒకే ఫారములో నుండును. దానిని పలుచోట్ల ఎల్.ఎల్.డి. ఫారమందురు. కేంద్రమువారి సారథి వెబ్‌సైటులో గాని, రాష్ట్ర రవాణా శాఖవారి పద్ధతిని గాని, మీ సేవ కేంద్రములో అడిగి గాని నింపవచ్చును. ఠాణా రశీదు, గుర్తింపు, చిరునామా పత్రములు, ఫొటో సిద్ధముగ నుంచుకొనవలెను. కొన్ని కార్యాలయములు ప్రమాణపత్రమును గూడ అడుగును. ఆధారుతో ధ్రువీకరించుకొనినచో కార్యాలయమునకు బోకుండ పొందదగిన సేవలలో నకలు లైసెన్సును 2021 మార్చిలో కేంద్రము చేర్చినది. నకలునకు మరల బండి నడిపి చూపు పరీక్ష యుండదు. అయినను దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత యొకటి యున్నది గదా. అట్టి పూజారి యెదురైనచో దరఖాస్తు సంఖ్యను చూపి ఏ పత్రము తక్కువైనదో వ్రాతపూర్వకముగ నడుగుట మేలు.

జేబు పోయినప్పుడు ఫోనును తరచుగా దానితోడనే పోవును. అప్పుడు వరుస తప్పరాదు. ఏ దరఖాస్తుకైనను రహస్య సంఖ్య ఫోనునకే వచ్చును గనుక, మొదట పాత నంబరు సిమ్మును మరల తీసికొనవలెను, ఆ నడుమనే బ్యాంకు కార్డును నిలిపివేయవలెను, పిదపనే లైసెన్సు. సిమ్ము లేకుండ లైసెన్సుకు బోయినవాడు తాడు లేకుండ నూతికడకు బోయినవాడే.

లైసెన్సు సంఖ్యయే తెలియనివాని గతి యేమి? ఈ దేశమున లైసెన్సు సంఖ్యకు నేడొక క్రమమున్నది. రాష్ట్రమునకు రెండక్షరములు, కార్యాలయమునకు రెండంకెలు, ఇచ్చిన సంవత్సరమునకు నాలుగు, వరుస సంఖ్యకు ఏడు, వెరసి పదునైదు. సర్వే నంబరు చూచి భూమి యే గ్రామముదో చెప్పినట్లు, ఈ సంఖ్య చూచి లైసెన్సు పుట్టిన చోటును చెప్పవచ్చును. పాత జరిమానా చీటిలోనో, అప్పు కాగితములలోనో, యజమాని ఉంచుకొనిన నకలులోనో అది దొరకును. దొరకనిచో పేరు, పుట్టిన తేది చెప్పి కార్యాలయమున వెదకించవలెను.

కష్టమంతయు పాత పుస్తకరూపపు లైసెన్సుల వారిది. కంప్యూటరు రాకమునుపు చిన్న పుస్తకముగ ఇచ్చిన లైసెన్సుల వివరములు కొన్ని కంప్యూటరులో నెక్కలేదు. అవి కార్యాలయపు పెద్ద రిజిస్టరులలో నున్నవి. ఆ రిజిస్టరు ఏ యూర నున్నదన్నది మరియొక ప్రశ్న. 2014లో రాష్ట్రము రెండైనది. 2016లో తెలంగాణ పది జిల్లాలను ముప్పదియొకటిగ విభజించిరి. 2019లో మరి రెండు చేరినవి. 2022లో ఆంధ్రప్రదేశపు పదమూడు జిల్లాలను ఇరువదియారు చేసిరి. జిల్లా పేరు మారినను మనిషి ఉన్నయూరనే యున్నాడు. కాని దస్త్రము పాత కేంద్రముననే యుండిపోవచ్చును. అట్టివారు మొదట తమ పాత వ్రాతను కంప్యూటరున కెక్కింపించుకొని, ఆ తరువాతనే నకలు కోరవలెను. పుస్తకము చేతిలో నుండగనే ఆ పని చేసికొనుట సులభము. చినిగిన పుస్తకమును ప్లాస్టిక్కు కాగితములో చుట్టి దేవుని పటము వెనుక దాచుకొను పెద్దలు దీనిని గమనింతురుగాక. పటము వెనుక దాచినది ఎలుకలకు కనబడదను నమ్మకమేమియు లేదు.

ఇక ఆ నాలుగవ సలహాదారుని మాటకు రావలెను. పాతదాని మాట యెత్తక క్రొత్త లైసెన్సు తీయుట చాలమందికి సులువైన దారిగ తోచును. దళారికి డబ్బు, తమకు తిరుగుడు తక్కువ. కాని 6వ సెక్షను స్పష్టముగ జెప్పుచున్నది: లైసెన్సు అమలులోనున్నవాడు మరియొక లైసెన్సును కలిగియుండరాదు. క్రొత్తదాని కొరకు దరఖాస్తు చేయునప్పుడు మున్ను లైసెన్సు లేదని బొంకవలెను. సంతకము చేసి బొంకవలెను. దళారి సంతకము చేయడు, చేయునది డ్రైవరే. నేడు దేశమంతటి లైసెన్సులు ఒకే కంప్యూటరు ఖాతాలోనికి చేరుచుండగా, ఒకే మొగము, ఒకే ఆధారు రెండుచోట్ల కనబడుట యెంతసేపు?

బొంకు సంగతి యటుంచినను, నష్టమొకటి యున్నది. దీనిని ఆ యువకునకు ఎవ్వరును చెప్పరు. లారీయో బస్సో నడుపదలచినవాడు తేలిక బండి లైసెన్సును కనీసము ఒక సంవత్సరము కలిగియుండవలెనని 7వ సెక్షను. క్రొత్త లైసెన్సు పుచ్చుకొనినవాని యీడు ఆ దినమునుండియే లెక్కకు వచ్చును. పది పదునైదేండ్లు రాత్రింబవళ్లు ఘాటుదారుల నడిపిన అనుభవము, భారవాహనపు తరగతి, తప్పు లేని చరిత్ర, అన్నియు పాత సంఖ్యతో ముడిపడియున్నవి. దానిని విడిచినవాడు నిన్న మొన్న పగ్గము పట్టిన పిల్లవానితో సమానుడగును. ఉద్యోగమిచ్చువాడు ఎన్నియేండ్ల లైసెన్సని యడుగును, చూపుట కేమున్నది? తాతలనాటి పట్టాభూమిని వదలుకొని పోరంబోకులో అర్జీ పెట్టుకొనిన రైతు కథ యిది. నకలునకు తిరిగిన నాలుగు దినములు దండుగ యనుకొనువాడు పదునైదేండ్లను దండుగ చేసికొనుచున్నాడు.

ప్రమాదము జరిగినప్పుడు ఈ విషయము మరింత పదునెక్కును. ట్రాక్టరు క్రింద నొకడు పడినాడనుకొందము. పరిహారపు దావాలో బీమా కంపెనీవారు మొట్టమొదట నడుగునది డ్రైవరుకు లైసెన్సున్నదా యని. పోయినదని భయపడి యజమాని మరియొకని పేరు చెప్పుటయు, అటుపై ఆ అబద్ధమే మెడకు చుట్టుకొనుటయు కలదు. కార్డు లేకపోయినను, ప్రమాదపు నాటికి లైసెన్సు అమలులో నున్నదని కార్యాలయపు దస్త్రమే చెప్పును. ధ్రువీకరించిన వివరపత్రమును తెప్పింపవచ్చును. లైసెన్సు లేమిని సాకుగ జూపు బీమాకంపెనీ, యజమాని తెలిసియో అజాగ్రత్తచేతనో తప్పు చేసెనని తానే నిరూపింపవలెనని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసున తీర్పు చెప్పినది. కావున నిజము చెప్పినవానికి దారి యున్నది. రెండు లైసెన్సులవానికి మాత్రము ఏది చూపినను చిక్కే.

గడువు సంగతి యొక మాట. నకలు గడువును పెంచదు. పోయిన లైసెన్సు గడువు ఏడాదిలోపల తీరనున్నచో నకలు, నవీకరణము రెండును కలిపి విచారించుకొనుట మంచిది. ఏలయన గడువుకు ఏడాది ముందునుండియే నవీకరణము కోరవచ్చునని 2019 సవరణ. గడువు తీరి ఏడాది దాటినచో మరల పరీక్షకు నిలువవలసివచ్చును. నకలు చేతికి రాగానే తరగతులన్నియు ఎక్కినవో లేదో చూచుకొనవలెను. మోటారు సైకిలును, తేలిక బండియు నున్న లైసెన్సుకు నకలుగ మోటారు సైకిలు మాత్రమే యున్న కార్డు వచ్చినచో అప్పుడే అడుగవలెను.

తుదకు దొరకినవాని సంగతి. శాకుంతలమున ఉంగరము దొరకిన జాలరిని రక్షకభటులు చేతులు విరిచికట్టి కొట్టుచు తీసికొనిపోదురు. రాజు ఉంగరమును చూచి వెల నిచ్చి పంపగా, వాడు అందు సగము భటులకిచ్చును. అంతట వారందరును మిత్రులై కల్లంగడికి బోవుదురు. కాళిదాసు కాలపు ఠాణా యెట్టిదో తెలియుటకు ఈ చిన్న రంగము చాలును. నేడు దారిలో లైసెన్సు దొరకినవాడు కొట్టుదురని జంకనక్కరలేదు. పేరు, చిరునామా దానిమీదనే యున్నవి; యజమాని కందజేయవచ్చును, లేదా దగ్గరి ఠాణాలో అప్పగింపవచ్చును. తుప్పలలో విసరివేయుట మాత్రము పాడి గాదు.

నకలు వచ్చిన తరువాత అసలు దొరకుటయు నున్నది. ధాన్యపు గాదెలోనో, పాత చొక్కా మడతలోనో, ట్రాక్టరు సీటు క్రిందనో ప్రత్యక్షమగును. అప్పుడు ఒకటి జేబులో, ఒకటి బండిలో నుంచుకొందమను నాశ పుట్టును. అట్లు చేయరాదు. దొరకినదానిని కార్యాలయమున నప్పగించి రశీదు పొందవలెను. ఆ రశీదును ఠాణా రశీదుతో కలిపి కుట్టి, లైసెన్సు సంఖ్యను ఇంటి లెక్కల పుస్తకము మొదటి పుటలో వ్రాసికొనవలెను.